బోణీ కంప్యూటర్

వాన పడుతూనే ఉంది. ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఉన్న కంప్యూటర్ల కొట్టు ముందు నీళ్ళు మడమల దాకా నిలిచాయి. మధులత ఆ బురద కాళ్ళతోనే లోపలికి వచ్చింది. ఉదయగిరి నుంచి గంటన్నర బస్సులో ఒడిలో పెట్టుకుని తెచ్చిన సీపీయూ డబ్బాను, చుట్టిన దుప్పటితో సహా కౌంటర్ మీద దభీమని దించింది.

"ఇది నువ్వే పెట్టుకో."

కౌంటర్ వెనక ఉన్న మాల్యాద్రి ఉలిక్కిపడ్డాడు. మూడు నెలల కింద ఈ డబ్బాను ఆమెకు అమ్మినవాడు అతనే.

"ఏమైంది మేడం?"

"ఏమీ కాలా. అదే నా కంప్లయింటు. ఏం నొక్కినా ఏమీ కాదు."

పక్కన మౌస్ కొనడానికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. మధులత వాళ్ళ వైపు చూసింది. నవ్వు ఆగిపోయింది.

లోపల గల్లా దగ్గర కూర్చున్న యజమాని పెంచలనరసింహం పేపరు దించకుండానే అన్నాడు. "ఎంట్రీ లెవలు గదమ్మా అది. దాని లెక్కన అది పని చేస్తాది."

"ఎంట్రీ అంటే లోపలికి రానిస్తాదనుకున్నా సార్. గడప దగ్గర నిలబెట్టి మొహానే తలుపేసింది."

బీదవాళ్ళకు అంటగట్టే నాసిరకానికి ఎప్పుడూ ఒక మర్యాదైన పేరు పెడతారు. నూక బియ్యానికి ఒక పేరు, ముక్కిన పప్పుకు ఒక పేరు. ఈ డబ్బాకు ఎంట్రీ లెవల్ అని పెట్టారు. అంతే తేడా.

"మీ అమ్మగారు దాని మీద ప్లాస్టిక్ కవర్ కప్పి పెడతారంట గదా," పెంచలనరసింహం పేపరు మడిచాడు. "నిన్న మీరే ఫోన్లో చెప్పినారు. గాలాడక వేడెక్కి మొద్దుబారింది. మా తప్పేముండాది అందులో?"

మధులత నిన్న అదే మాట పట్టుకుని అమ్మ మీద అరిచింది. ఆ అరుపు ఇంకా గొంతులోనే ఉంది.

నిన్న జరిగింది ఇది. హైదరాబాదులో ఒక కంపెనీ ఉంది. ఊళ్ళల్లో పెద్దవాళ్ళు మాట్లాడిన మాటలు రికార్డు చేసి, వాటిని తెలుగులో టైపు చేయించుకుంటుంది. ఇంట్లో కూర్చుని చేసే పని, నెల జీతం. పరీక్ష ఉదయం పదకొండుకు. గంట టైము. ఫోన్‌లో కుదరదు, కంప్యూటర్‌లోనే రాయాలి. మధులత తొమ్మిదికే స్విచ్ వేసింది. తెరుచుకుంది. పదకొండుకు నాలుగు నిమిషాలుందనగా తెర నీలంగా మారి, అప్‌డేట్ అవుతోంది, ఆపవద్దు అని రాసింది. తెల్లచుక్కలు గుండ్రంగా తిరిగాయి. మూడు శాతం. తొమ్మిది శాతం. పదకొండున్నరకు ఇరవై ఏడు. పన్నెండు దాటాక తెరుచుకుని, ఏమీ ఎరగనట్టు, స్వాగతం అంది.

ఆ పరీక్ష దాటితే ఉదయగిరిలోనే సొంత పని. దాటకపోతే బెంగళూరు. నాయన పోయి మూడేళ్ళయింది, ఆయన సరుకుల కొట్టు మూతపడి రెండేళ్ళు. బెంగళూరులో ఉండే అన్న హరిప్రసాద్ తేల్చి చెప్పాడు. "కార్తీకం అయిందాకా చూస్తా. పని దొరికితే సరి. లేకుంటే అమ్మా నువ్వూ ఇల్లు తాళం పెట్టి వచ్చెయ్యండి. పిల్లోళ్ళను చూసుకునేదానికి మాకూ ఒక మనిషి కావాలి."

మనిషి కావాలన్నాడు. చెల్లెలు కావాలనలేదు. మధులతకు అది గుర్తుండిపోయింది.

ఇప్పుడు కౌంటర్ మీద చేతులు పెట్టి మాల్యాద్రిని సూటిగా చూసింది. "ఆ రోజు ఏ పనికో ఒకటికి రెండుసార్లు చెప్పినా. తెలుగు టైపింగు, ఆడియో, ఇంటర్నెట్టు, మూడూ ఒకేసారి నడవాలని చెప్పినా. నువ్వేమన్నావు?"

అతను దుప్పటి అంచు సర్దాడు.

"సరిపోతాది మేడం అన్నావు."

ఆ రోజు ఆమెకు బాగా గుర్తుంది. మొదటి బస్సుకు వచ్చింది. కొట్టు ముందు చల్లిన నీళ్ళు ఇంకా ఆరలేదు. అతను ఏదో చెప్పబోయి, గల్లా వైపు ఒకసారి చూసి, తర్వాత ఆ మాటన్నాడు. సిగ్గరి కాబోలు అనుకుంది. పైగా కళ్ళు బాగున్నాయి అని కూడా అనుకుంది. తన బుద్ధిని తానే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

"ఆదివారం ఉదయగిరి వస్తా," అన్నాడు మాల్యాద్రి మెల్లగా. "ఇంట్లోనే చూస్తా."

"వచ్చి ఏం పీకుతావు?"

"ఉన్న స్క్రూలన్నీ."

ఆమెకు నవ్వు రాలేదు. డబ్బా ఎత్తుకుని మళ్ళీ వానలోకి నడిచింది.

*

ఆదివారం ఉదయగిరి కొండ కనిపించడం లేదు. మబ్బు దాన్ని మింగేసింది. మాల్యాద్రి తడిసిన సంచితో గుమ్మం ముందు నిలబడితే, మధులత తల్లి కామమ్మ తువ్వాలు తెచ్చిచ్చింది.

గదిలో బల్ల మీద కంప్యూటర్. మానిటర్ నుదుట కుంకుమ బొట్టు. కొన్న రోజు కామమ్మ పెట్టింది. పక్కనే మడిచిన ప్లాస్టిక్ కవర్, అంచులకు ఆమె చేత్తో కుట్టిన గులాబీ రంగు కుచ్చులు.

అతను స్విచ్ వేశాడు. చుక్కలు తిరగడం మొదలుపెట్టాయి.

"ఎంతసేపు?"

"పన్నెండు నిమిషాలు."

"అంతసేపూ ఏం చేస్తారు?"

"మొదట్లో దీని మొహమే చూస్తా కూర్చునేదాన్ని. తర్వాత స్విచ్ వేసి బియ్యం కడిగేదాన్ని. ఇప్పుడు స్విచ్ వేసి, ఎసరు పెట్టి, అన్నం వార్చి వస్తే అప్పుడు పాస్‌వర్డ్ అడుగుతా ఉంటాది."

మాల్యాద్రి నవ్వబోయి ఆపుకున్నాడు. అది చూసి ఆమె ముఖం తిప్పుకుంది.

"కాఫీ తీసుకో అన్నా."

"అన్నా అనబాకండి మేడం."

"ఏం? కొట్టోళ్ళను అందరూ అన్నా అనే గదా పిలుస్తారు."

"అందరూ అననీండి."

బయట చూరు నీళ్ళు బక్కెట్లో పడుతున్నాయి. "నువ్వు మేడం అనేది మానుకో, అప్పుడు ఆలోచిస్తా."

అప్పుడే కామమ్మ గుమ్మం దగ్గరకొచ్చింది. లోపలికి రాలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది.

"నాయనా, నేను కప్పిన కవరు వల్లేనా? దుమ్ము పడకుండా ఉంటాదని కప్పినా. దానికి ఊపిరాడదని నాకు తెలీదు."

మాల్యాద్రి తల వంచుకుని స్క్రూ తిప్పాడు. ఆ స్క్రూ అప్పటికే ఊడిపోయి ఉంది.

"చూస్తానమ్మా," అన్నాడు.

తర్వాత అతను ఏవేవో తీసేశాడు, ఏవేవో ఆపేశాడు. పన్నెండు నిమిషాలు పదకొండయింది. అంతకు మించి దాని వల్ల కాలేదు. ఎద్దు ముసలిదైతే మేత మార్చినా దున్నదు. ఇది పుట్టడమే ముసలిగా పుట్టింది.

"వచ్చే ఆదివారం కూడా రావాల," అన్నాడు పోతూ పోతూ.

"నిమిషానికొక ఆదివారమా?"

"అయితే పదకొండు ఆదివారాలు ఉండాయి."

అతను వెళ్ళాక మధులత చుక్కలను చూసింది. మొదటిసారి వాటి మీద కోపం రాలేదు. అది తప్పనిపించింది.

*

రెండో ఆదివారం వచ్చాడు, మూడో ఆదివారమూ వచ్చాడు. ప్రతిసారీ స్విచ్ వేయడం, చుక్కలు తిరగడం, ఇద్దరూ చెరో స్టూలు మీద కూర్చోవడం. కామమ్మ మాత్రం ఆ గదిలో అడుగు పెట్టడం మానేసింది. కాఫీ గ్లాసులు గడప మీద పెట్టి వెనక్కి పోయేది. ఆ గది దగ్గర అమ్మ నడక చప్పుడు కూడా తగ్గింది. క్షమాపణ ఎలా చెప్పాలో మధులతకు తెలియలేదు. ఇంట్లో వాళ్ళకు అలాంటి మాటలు చెప్పే అలవాటు ఎవరికుంది?

మాల్యాద్రిది అనంతసాగరం దగ్గర పల్లె. పాలిటెక్నిక్ సగంలో ఆపేసి, కొట్టులో పాడైపోయిన కంప్యూటర్లు విప్పి విప్పి పని నేర్చుకున్నాడు.

"మా నాయనకు నేను చేసే పని ఏందో ఇప్పటికీ తెలీదు," అన్నాడు మూడో ఆదివారం. "మొన్న మా బర్రె మేత ముట్టలా. ఒరే, నువ్వు రిపేరోడివి గదా, ఒకసారి చూడు అన్నాడు."

"చూసినావా?"

"చూసినా. ఆపి మళ్ళీ ఆన్ చెయ్యమన్నా."

మధులత పకపకా నవ్వింది. నవ్వి రెండు నెలలయింది. గొంతుకు అలవాటు తప్పి దగ్గొచ్చింది. దగ్గుతూనే నవ్వింది. అతను నీళ్ళ చెంబు అందించాడు. ఆ గోలలో కంప్యూటర్ తెరుచుకున్న సంగతి ఇద్దరూ చూడలేదు. కాసేపు అది వెలిగి, ఎవరూ పట్టించుకోక, మళ్ళీ నిద్రపోయింది.

ఆ సాయంత్రం ఆమె టైపు చేస్తుంటే అతను వెనక నిలబడ్డాడు. వాక్యం అయిపోయేది, తెర మీద మాత్రం మొదటి మాటే ఉండేది. మిగిలిన అక్షరాలు ఒక్కొక్కటీ తర్వాత వచ్చేవి.

"ఆ కంపెనీ ఇంకోసారి పరీక్ష పెట్టదా?" అన్నాడు.

"ఒకసారి లింకు పోతే పోయినట్టేనంట. మెయిల్ పెట్టినా, ఇదో చూడు. జవాబు రాలా."

"కార్తీకం ఎప్పుడైపోతాది?"

"ఇంకో మూడు వారాలు."

బస్సు టైమయింది.

*

నాలుగో ఆదివారం మాల్యాద్రి వచ్చేసరికి హరిప్రసాద్ ఫోన్‌లో ఉన్నాడు. కామమ్మ ఫోన్ స్పీకర్‌లో పెట్టి వంటింటి గడప మీద కూర్చుని ఉంది.

"వద్దంటే విన్నారా? రేకు డబ్బా కొన్నారు. దానికి పాలిథిన్ సంచి కప్పి ఉడకబెట్టినావు నువ్వు. పిల్ల ఉద్యోగం పోగొట్టింది నువ్వేనమ్మా, ఇంకెవురూ కాదు. టికెట్లు తీస్తా ఉండా."

ఫోన్ ఆగింది. కామమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నిజమే గదా," అంది ఎవరితోనో కాకుండా. "నా చేతులతోనే బిడ్డ నోటికాడి కూడు తీసినా."

మాల్యాద్రి చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. దాన్ని కింద పెట్టాడు.

"అమ్మా, కవరు వల్ల కాదు."

ఇద్దరూ అతని వైపు చూశారు.

"మీరు కప్పినా ఇంతే, కప్పకున్నా ఇంతే. ఆ పనికి అది చాలదని నాకు తెలుసు. తెలిసే అమ్మినాను."

"ఏంది?" అంది మధులత.

"ఆ పొద్దు మీదే బోణీ. బోణీ బేరాన్ని వట్టి చేతులతో పంపితే ఆ రోజంతా గిరాకీ ఉండదని మా ఓనరుకు పట్టింపు. మంచి కంప్యూటర్ గురువారం నెల్లూరు నుంచి వస్తాది, అప్పుడు రాండి అని చెప్పబోయినా. ఆయన కళ్ళు పెద్దవి చేసినాడు. సరిపోతాదని చెప్పేసినా. కవరు సాకు కూడా ఆయన నోట్లోంచి ఊడిపడిందే. నేను పక్కనే ఉండి విన్నా, నోరెత్తలా."

"నాలుగు వారాలు," అంది మధులత. గొంతు పెరగలేదు. అదే భయంగా ఉంది. "నాలుగు వారాలుగా ఈడ కూర్చుని కాఫీలు తాగినావు. మా అమ్మ నీ ఎదురుగానే ఆ గడప అవతల నిలబడింది. బర్రె కతలు చెప్పినావు."

"మొదటి ఆదివారమే చెప్పాలని వచ్చినా. ధైర్యం చాల్లేదు. తర్వాత... తర్వాత చెబితే రానివ్వరని చెప్పలా."

"అంటే మళ్ళీ నీ బేరమే చూసుకున్నావు."

ఆమె చెప్పింది నిజం.

"పో."

అతను పోయాడు. గొడుగు తెచ్చుకోలేదు. సంచి తీసుకున్నాడు గాని స్క్రూడ్రైవర్ మరిచిపోయాడు. మధులత దాన్ని వీధిలోకి విసిరేద్దామని తీసింది. పిడి ఇంకా వెచ్చగా ఉంది. బల్ల సొరుగులో పడేసి మూసేసింది.

*

తర్వాతి రెండు వారాలు వాన తగ్గింది గాని వెలుతురు రాలేదు. హరిప్రసాద్ టికెట్లు పంపాడు. కామమ్మ పచ్చడి జాడీలకు గుడ్డలు కట్టింది. మధులత తన టైపింగు సర్టిఫికెట్‌ను ఒక పాత చీర మడతలో పెట్టి పెట్టె అడుగున దాచింది. బెంగళూరులో దాన్ని అడిగేవాళ్ళు ఎవరూ ఉండరని తెలుసు.

కంప్యూటర్‌ను అమ్మేద్దామని, అందులో ఉన్నవి తుడిచేయడానికి ఆఖరిసారి స్విచ్ వేసింది. ఎదురు స్టూలు ఖాళీగా ఉంది. ఆ ఎదురుచూపు అంత పొడవని మళ్ళీ అప్పుడే తెలిసింది.

మెయిల్ తెరిచింది. కంపెనీ నుంచి జవాబు. మీ విషయంలో మాకు అందిన ఉత్తరం చూశాము, గురువారం పదకొండు గంటలకు ఇంకొక అవకాశం ఇస్తున్నాము అని రెండు వాక్యాలు. కింద ఆ ఉత్తరం. అది ఒక్కో వరుసా మెల్లగా దిగింది.

"అయ్యా, నేను ఆత్మకూరులో కంప్యూటర్లు అమ్మే కొట్టులో పని చేస్తాను. మీ పరీక్ష రాయలేకపోయిన ఉదయగిరి మధులత గారికి ఆ కంప్యూటర్ అమ్మింది నేను. ఏ పనికో ఆవిడ స్పష్టంగా చెప్పారు. చాలదని తెలిసి కూడా బోణీ పోతుందని సరిపోతుందన్నాను. తప్పింది నా మాట, ఆవిడ పరీక్ష కాదు.

ఆవిడ టైపు చేస్తుంటే చూశాను. కంప్యూటర్ కంటే ఆవిడ వేళ్ళు ముందు పోతాయి. వాక్యం పూర్తి చేసి చేతులు ఒడిలో పెట్టుకుంటారు. అక్షరాలు వెనక నుంచి ఒక్కొక్కటే నడిచి వస్తాయి. అన్నీ వచ్చిందాకా ఉండి, అప్పుడు తర్వాతి వాక్యం మొదలుపెడతారు. అంత ఓపిక ఉన్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఇంకోసారి అవకాశం ఇవ్వండి. కంప్యూటర్ బాధ్యత నాది."

కింద పేరు, ఫోన్ నెంబరు. తేదీ చూసింది. ఆమె 'పో' అన్న మర్నాడే రాశాడు.

మధులత ఉత్తరాన్ని రెండోసారి చదవలేదు. చదివితే ఫోన్ చేయలేనని తెలుసు.

"యాడుండావు?"

"ఇంట్లో," అన్నాడు మాల్యాద్రి.

"కొట్టుకు పోలా?"

"నన్ను తీసేసినారు. పోయిన సోమవారం పొద్దున్నే సీతారామపురం నుంచి ఒక పెద్దాయన వచ్చినాడు, మనవరాలి చదువుకని. ఉండింది అదే మోడలు. గురువారం రాండి తాతా, మంచిది వస్తాది అని బోణీ బేరం తిప్పి పంపినా. గురువారం ఆయన్ను రమ్మను, నువ్వు మాత్రం ఎప్పుడూ రాబాక అన్నాడు ఓనరు."

"ఉత్తరం ఎవుర్నడిగి రాసినావు?"

"అడిగితే వద్దంటారని."

"నా వేళ్ళు ఎవురు చూడమన్నారు నిన్ను?"

"అంతసేపు ఎదురు స్టూలు మీద కూర్చోబెట్టి ఇంకేం చూడమంటారు?"

మధులత ఫోన్‌ను చెవి నుంచి దూరంగా పెట్టి ముక్కు తుడుచుకుంది. మళ్ళీ దగ్గర పెట్టుకుంది.

"మా అమ్మకు చేసింది నేనింకా మరిచిపోలా."

"మరిచిపోబాకండి."

"గురువారం పరీక్ష. బాధ్యత నాది అని రాసినావు గదా. రా అయితే."

బుధవారం వచ్చాడు. చిక్కిపోయాడు. సంచిలోంచి అరచేతిలో ఇమిడే డిస్క్ తీశాడు, పాతదాని కంటే ఎన్నో రెట్లు వేగంగా నడిచే రకం. తన సొంత కంప్యూటర్‌లోంచి ఊడదీసి తెచ్చాడు. మధులత మాట్లాడకుండా సొరుగులోంచి స్క్రూడ్రైవర్ తీసి అందించింది. అతను దాన్ని గుర్తుపట్టి ఆమె వైపు చూశాడు. ఆమె కిటికీలోంచి కొండను చూసింది.

పనంతా అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. అతను గుమ్మం వైపు తిరిగాడు. కామమ్మ గడప అవతలే నిలబడి ఉంది.

"అమ్మా, లోపలికి రాండి. స్విచ్ మీరే వెయ్యాల."

"నేనా? వద్దు నాయనా. నా చేతులు మంచివి కావు."

మధులత లేచి వెళ్ళి తల్లి మణికట్టు పట్టుకుంది. "రా అమ్మా. ఆ రోజు నేను అరిచింది తప్పు. నీ చేతులకేం కాలా."

కామమ్మ గడప దాటింది. నెలన్నర తర్వాత. వేలితో స్విచ్ నొక్కి, కాలినట్టు వెనక్కి తీసుకుంది.

పదహారు సెకన్లు. తెర తెరుచుకుంది.

ముగ్గురూ దాన్ని చూస్తూ నిలబడ్డారు. మాట్లాడడానికి టైమే ఇవ్వలేదు అది.

*

గురువారం పరీక్ష గంట గడువుకు ఎనిమిది నిమిషాలు ముందే అయిపోయింది. పరీక్ష రాసింది మధులత, డిస్క్ కాదు. ఆ సంగతి చెప్పుకోవాలి. పదో రోజు జవాబు వచ్చింది. మొదటి ఆరు నెలలు సగం జీతం, తర్వాత చూస్తామని. చూస్తామనే మాటలో ఎంత ఉంటుందో ఆమెకు తెలుసు. అయినా టికెట్లు రద్దు చేయించింది.

హరిప్రసాద్ ఫోన్‌లో అరిచాడు. పని గురించి అరిచి అరిచి, ఆ రిపేరోడు ఇంటికెందుకొస్తున్నాడు, వాళ్ళ కులమేంది మన కులమేంది అనే దగ్గరకు వచ్చాడు. కామమ్మ విని, "సిగ్నల్ లేదురా," అని పెట్టేసింది. ఆ గొడవ అక్కడితో తీరేది కాదు.

ఆ ఆదివారం మాల్యాద్రి వచ్చాడు. చేతిలో పని లేదు, అనంతసాగరంలో చిన్న రిపేరు బల్ల పెట్టాలని ఆలోచన ఉంది. మళ్ళీ ముసురు పట్టింది. అతను కంప్యూటర్ స్విచ్ వేశాడు. పదహారు సెకన్లు. కాఫీ గ్లాసు ఇంకా వంటింట్లోనే ఉంది.

"బాగానే ఉండాది," అన్నాడు.

"బాగానే ఉండాది," అంది మధులత.

ఇంక చూడడానికి ఏమీ లేదు. అతను సంచి భుజాన వేసుకున్నాడు.

"ఆ పాత డిస్క్ యాడ పెట్టినావు?" అంది ఆమె, కీబోర్డు మీద లేని దుమ్ము తుడుస్తూ.

"సంచిలోనే ఉండాది. ఎందుకు?"

"పారెయ్యబాక. దాని పుణ్యాన నాలుగు మాటలు మాట్లాడుకునేవాళ్ళం." తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "ఇంక నువ్వు రావాలంటే ఏదైనా చెడిపోవాల."

"చెడిపోకున్నా వస్తా," అన్నాడు మాల్యాద్రి. "రమ్మంటే రోజూ వస్తా, మధూ."

మేడం అనలేదు. ఆమె కూడా అన్నా అనలేదు. బయట చూరు నీళ్ళు బక్కెట్ నిండి పొర్లుతున్నాయి.

కామమ్మ మూడు గ్లాసులతో గదిలోకే వచ్చింది. ఒక స్టూలు కాలితో అతని వైపు జరిపింది.

"అది తొందరగా తెరుచుకుంటా ఉండాదిలే నాయనా," అంది. "అందుకని నువ్వు తొందరగా పోబాక. కూర్చో."